ఆ రెండు నిమిషాల ముక్క

అమ్మలూ,

డ్రామా స్కూల్ ఆడిషన్‌కి బిడ్డను పోగొట్టుకున్న తల్లి మోనోలాగ్, అదే నాటకంలో ఒక్క పాత్రే చెప్పే ముక్క, చేద్దామనుకుంటున్నానని రాశావు. వద్దనను గానీ, ముందు నా సంగతి విను. 19 ఏళ్లప్పుడు నేను కొడుకు చనిపోయిన ముసలి రాజు పాత్ర పట్టుకెళ్లాను. మొదటి వాక్యానికే గొంతు పూడుకుపోయింది, కళ్లనిండా నీళ్లు. ఇరగదీశాననుకున్నా. ప్యానెల్‌లో ఒకాయన, "పక్కగదిలో పసిపిల్ల నిద్రపోతోందనుకో, ఇదే మళ్లీ చెప్పు" అన్నాడు. ఒక్క మాట పెగల్లేదు. ఏడవడం తప్ప నేనేం సిద్ధం చేసుకోలేదు మరి! ఇలా మార్చి చేయమనడం వాళ్లకి మామూలే. చెప్పింది అందుకుంటావా లేదా అని చూస్తారు.

అందుకే పాత్ర తన ఎదుటి మనిషి దగ్గర ఏదో ఒకటి రాబట్టుకోవాలని చూసే ముక్క వెతుక్కో. క్షమాపణ కావచ్చు, తాళంచెవి కావచ్చు, వెళ్లిపోతున్నవాణ్ణి ఆపడం కావచ్చు. జరిగిపోయినదాన్ని తలుచుకుంటూ చెప్పేవి చదవడానికి బావుంటాయి, చేస్తే కదలవు. పాత్ర ఎత్తు మార్చిన ప్రతిచోటా, అంటే బతిమాలడం మానేసి బెదిరించినచోట, నవ్వించబోయినచోట పెన్సిల్‌తో గీత పెట్టు. రెండు గీతలైనా పడలేదా, ఆ ముక్క వదిలెయ్.

వయసు నీకు దగ్గరగా ఉండాలి. నాటకం మొత్తం చదవాలి, లేకపోతే "ఈ మాటకి ముందు ఏం జరిగింది?" అని అడిగితే దొరికిపోతావ్. సినిమా డైలాగులు చాలా స్కూళ్లు ఒప్పుకోవు.

సాధారణంగా రెండు ముక్కలు అడుగుతారు, పాతదొకటి, ఈ కాలందొకటి. ఏ సంవత్సరం దాకా పాతదనేది స్కూలుకో లెక్క, రూల్స్ చూసుకో. ఒకటి బరువైతే రెండోది నవ్వొచ్చేది పెట్టుకో. షేక్స్‌పియర్‌ది తీసుకుంటే ప్రతి పాదం చివరా ఆగకు, అర్థం ఆగినచోటే ఆగు. ఆయన రాసినవాటిలో అందరూ చేసేవే చేయాలని లేదు. అలాగని ఎవరికీ తెలియనిదే కావాలని నెలలు వెతకడమూ దండగే.

వాళ్లిచ్చే టైం రెండు నిమిషాలంటే ముక్కని 1 నిమిషం 45 సెకన్లకి కోసుకో. అక్కడ టెన్షన్‌లో ఎక్కడెక్కడో ఆగుతావు, మధ్యలో ఆపేస్తే మనసు పాడవుతుంది.

ఈ వారం రెండు మూడు ముక్కలు పట్టుకుని, గిన్నెలు తోముతూ పైకి చెప్పి చూడు. ఏ వాక్యం దగ్గర చెయ్యి ఆగిందో నాకు రాయి.

మీ మావయ్య