ట్రయాజ్ లెక్క సరిచూసేటప్పుడు

చిరంజీవికి,

మీ ఎమర్జెన్సీలో ట్రయాజ్ (వచ్చినవాళ్లలో ఎవరిని ముందు చూడాలో తేల్చే వర్గీకరణ) రోగి తీవ్రతను సరిగ్గా పట్టుకుంటోందో లేదో తేల్చే పని నీ మీద పడిందన్నావు. లెక్కలకు దిగకముందు దేన్ని తీవ్రత అంటావో రాసిపెట్టుకో. చాలామంది అడ్మిషన్‌ను కొలతగా పెట్టుకుంటారు, రికార్డులో సులువుగా దొరుకుతుంది గనక. బెడ్లు ఖాళీ లేని రోజు, ఇంట్లో చూసేవాళ్లు లేని ముసలాయన వచ్చిన రోజు ఆ అంకె ఎటో పోతుంది. మరణం ఒక్కటే చూద్దామంటే అవి తక్కువ, పైగా వారం తర్వాత వార్డులో పోయిన మనిషికి ట్రయాజ్ నర్సు బాధ్యత ఏముంది? నన్నడిగితే మొదటి గంటలో శ్వాస గొట్టం వేయడం, గుండెకు షాక్ ఇవ్వడం, బీపీ నిలబెట్టే మందు ఎక్కించడం, 24 గంటల్లో ఐసీయూ లేదా మరణం: వీటిలో ఏదున్నా ‘తీవ్రం’ అనుకో.

ఏ స్కేలు వాడుతున్నారో కూడా చూడు. మాంచెస్టర్ పద్ధతి చెప్పేది ఎంతసేపు ఆగొచ్చో: ఎరుపైతే వెంటనే, నారింజకు 10 నిమిషాలు, పసుపుకు 60, ఆకుపచ్చకు 120, నీలానికి 240. ఈఎస్ఐ అనే అయిదు స్థాయుల స్కేలులో (1 అంటే అత్యంత తీవ్రం) 3, 4, 5 విడిపోయేది ఎన్ని రకాల వనరులు (పరీక్షలు, చికిత్సల లాంటివి) పడతాయన్న అంచనాను బట్టి. అందులో రక్తపరీక్షలు ఎన్ని చేసినా ఒక్క వనరే. అలాంటప్పుడు 4కీ 5కీ మధ్య మరణాల తేడా వెతకడం దండగ.

మొట్టమొదట ఇచ్చిన స్థాయినే తీసుకో, తర్వాత దిద్దింది కాదు. బీపీ, నాడి నమోదు కాని షీట్లు పక్కన పడేయకు. బాగా విషమంగా వచ్చినవాళ్లను నేరుగా లోపలికి తోసుకెళ్తారు, ఖాళీలు ఎక్కువగా వాళ్ల షీట్లలోనే ఉంటాయి.

ఉదాహరణకు 2,000 మందిలో 40 మంది ‘తీవ్రం’, వాళ్లలో 8 మందికి ఉండాల్సినదానికన్నా తక్కువ తీవ్రత స్థాయి పడిందనుకో. మొత్తమ్మీద చూస్తే 8 చిన్న అంకే. కానీ పట్టుకున్నది 40లో 32, అంటే 80 శాతం. అంత చిన్న సంఖ్యకు 95 శాతం విశ్వాస అవధి (అసలు శాతం ఉండగల హద్దులు) సుమారు 65 నుంచి 90 దాకా సాగుతుంది. రిపోర్టులో 80 ఒక్కటే రాస్తే తప్పుదోవ పట్టించినట్టే.

ఇద్దరు నర్సుల మధ్య పొందిక చూడ్డానికి కప్పా (ఇద్దరి నిర్ణయాలు ఎంత కలిశాయో చెప్పే అంకె) వాడితే ఏ వెయిట్లు, అంటే చిన్న తేడాకు ఎంత, పెద్ద తేడాకు ఎంత కోత, పెట్టావో రాయి. తేడా వర్గాన్ని (స్క్వేర్) బట్టి కోత వేసే వెయిట్లు సాధారణంగా అంకెను పెంచి చూపిస్తాయి. అయినా ఇద్దరూ కలిసి ఒకే తప్పు చేసినా కప్పా బాగానే వస్తుంది!

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఆ 8 షీట్ల మీద పెట్టు. బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) వేసుకునే పెద్దాయనకు లోపల రక్తం కారుతున్నా నాడి 78 చూపిస్తుంది. షుగరున్న ఆవిడ గుండెపోటుతో వచ్చి ‘నీరసం’ అంటుంది, నొప్పి మాటే ఎత్తదు. ఒక్కో షీటుకూ మూడు ప్రశ్నలు వేసుకో: నియమమే పట్టుకోలేదా, నియమం ఉన్నా పాటించలేదా, వచ్చినప్పుడు బాగానే ఉండి వెయిటింగ్‌లో దిగజారాడా? మూడోది స్కేలు తప్పు కాదు, మళ్లీ చూడకపోవడం. దాన్ని విడిగా లెక్కపెట్టు.

ఎక్కువ స్థాయి ఇచ్చి ఏమీ కాలేదన్న కేసుల్ని మాత్రం తొందరపడి తప్పుల ఖాతాలో వేయకు. త్వరగా చూశారు గనకే ఏమీ కాకపోయి ఉండొచ్చు.