పటం కట్టేముందు పేరు అడుగు

చిరంజీవి చిట్టితల్లికి,

బాబాయి ఆశీస్సులు. నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేసి నీ సంగతి చెప్పాడు. ఎంవీపీ కాలనీ ఇంట్లో కింది గది ఖాళీ చేయించి, ఇప్పుడు బొమ్మలు వేస్తున్నవాళ్లనూ మట్టితో పనిచేస్తున్నవాళ్లనూ వెతికి, వాళ్ల పనులతో ప్రదర్శన పెడతావట. అన్నయ్య గొంతులో బెంగ వినిపించింది. నాకూ గుబులుగానే ఉంది. కానీ ముందు ఛాతీ పొంగిందమ్మా. మన విశాఖలో పూర్ణా మార్కెట్ పక్క సందులో 36 ఏళ్లు పటాలు కట్టినవాణ్ణి. మన ఇంట్లో ఇంకొకరు బొమ్మల వైపు వస్తారని ఏనాడూ అనుకోలేదు. నిద్ర పట్టక, తెల్లవారకముందే లేచి ఇది రాస్తున్నాను.

ఎక్కడ వెతకాలన్నది పెద్ద చిక్కేమీ కాదు. ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ విభాగంలో చివరి ఏడాది చదివే పిల్లల పనులు చూడు. కొచ్చిలో 2012లో మొదలైన బినాలేకు, అంటే రెండేళ్లకోసారి జరిగే కళా ప్రదర్శనకు, వీలైతే వెళ్లు. పెద్ద పేర్ల దగ్గరే ఆగిపోకుండా విద్యార్థుల బినాలే దాకా నడువు. మట్టి పని చూడాలంటే పుదుచ్చేరి. రే మీకర్, డెబోరా స్మిత్ అక్కడ 1971లో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పెట్టారు. వాళ్ల దగ్గర సారె పట్టడం నేర్చుకున్నవాళ్లు ఇప్పుడు దేశమంతటా ఉన్నారు. ఎవరి దగ్గరికి వెళ్లినా లేచేముందు ఒక్క మాట అడుగు: 'మీ తోటివాళ్లలో ఎవరి పని మీకు నచ్చుతుంది?' మంచి పనివాడు తోటి పనివాడి పేరు దాచుకోడు.

బొమ్మలవాళ్లు వేరు, కుండలవాళ్లు వేరు అని గీత గీయకు. చిత్రకారుడు లక్ష్మా గౌడ్ గారు లోహపు రేకు మీద గీసి అచ్చు తీసే ఎచింగులు చేశారు, రంగులు వేశారు, అదే చేత్తో మట్టి బొమ్మలూ చేశారు.

ఒక విషయంలో మాత్రం నీ మీద కోపం వచ్చింది. సగం పనులు ఫోనులో చూసే ఎంచుకున్నావట! ఆ తెర మీద అరచేతిలో పట్టే బొమ్మా, గోడంత బొమ్మా ఒకే కొలతలో కనిపిస్తాయి. రంగు ఎంత మందంగా పడిందో, కాగితం ఎలాంటిదో అందులో తెలియదు. కుండ సంగతి చెప్పనే అక్కరలేదు. దాన్ని రెండు చేతులతో ఎత్తి బరువు చూడాలి. తిరగేసి, గ్లేజు, అంటే గాజులాంటి పూత, అంటని అడుగు అంచు చూడాలి. మట్టి అసలు రంగు అక్కడే తెలుస్తుంది, చేసినవాళ్ల గుర్తు కూడా చాలాసార్లు అక్కడే ఉంటుంది. వేలి కణుపుతో మెల్లగా కొట్టు. పగులు ఉంటే మోత మొద్దుగా వస్తుంది. వెయ్యి డిగ్రీల దగ్గర కాల్చిన మామూలు మట్టి నీళ్లు తాగుతుంది. పన్నెండు వందలు దాటిన స్టోన్‌వేర్ తాగదు. అనుమానం ఉంటే నీళ్లు పోసి రాత్రి వార్తాపత్రిక మీద పెట్టు. తెల్లారేసరికి కాగితం మీద గుండ్రంగా చెమ్మ కనిపిస్తే, అది పూలు పెట్టుకునే పాత్ర కాదని కొనేవాళ్లకు నువ్వే ముందుగా చెప్పాలి.

కంప్యూటర్ మీద వేసే బొమ్మలకు ప్రింటే అసలు. ఎన్ని ప్రతులు తీస్తారో ముందే అడుగు. కింద పెన్సిలుతో 3/25 అని ఉంటే, ఇరవై ఐదింటిలో మూడోది అని అర్థం. పక్కన సంతకం ఉండాలి.

సంతకం అనగానే చేయి ఆగింది. మా చిన్నప్పుడు చందమామ రాగానే మీ నాన్నా నేనూ అట్ట కోసం కొట్టుకునేవాళ్లం. కథ తరవాతి సంగతి, ముందు బొమ్మ మూల 'వ.పా.' ఉందా అని వెతికేవాళ్లం. వడ్డాది పాపయ్య గారు ఎలా ఉంటారో మాకు తెలియదు. ఆ రెండక్షరాలే మాకు ఆయన. అంత తెలిసిన నేను చేసిన పని చెబుతాను, విను.

1987, దసరాకు ముందు. ఇరవై రెండేళ్లు ఉంటాయేమో, ఒక అమ్మాయి గుడ్డసంచిలో తొమ్మిది బొమ్మలు తెచ్చింది. నల్ల సిరాతో వేసినవి. జాలరిపేటలో చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్లు. ఒక్కొక్కరి ముఖం ఒక్కోలా ఉంది. ఒకామె ఎండకు కళ్లు చికిలించి, తడి చీర కొంగు నడుముకు బిగించుకుంటోంది. ఆ పిడికిలి చూసి నేను పని ఆపేశాను. తొమ్మిదీ పటాలు కట్టమని, బయానా ఇచ్చి వెళ్లింది.

నా దగ్గర ఎవరో వద్దన్న ఆర్డరు తాలూకు తొమ్మిది ఫ్రేములు పడి ఉన్నాయి. కాగితాలు వాటికంటే రెండు వేళ్లు పొడుగు. స్కేలు పెట్టి కింది అంచు కోసేశాను. పైగా మైదా జిగురు ఉడికించి, హార్డ్‌బోర్డు మీద గట్టిగా అతికించాను. బాగా బిగిసిందని మురిసిపోయాను కూడా.

ఆమె వచ్చి మొదటి పటం చేతిలోకి తీసుకుంది. గాజు మీద కింది అంచు వెంట వేలు పోనిచ్చింది. 'ఇక్కడ రాసింది ఏదండీ?' అంది. బొమ్మలో ఉన్న మనిషి పేరు, గీసిన రోజు, తన సంతకం పెన్సిలుతో అక్కడ రాసుకుందట. నేను, 'అంచే కదమ్మా, బొమ్మకేమీ కాలేదు' అన్నాను. ఆమె తొమ్మిదీ బల్ల మీద వరుసగా పేర్చింది. బయానా కూడా అడగకుండా వెళ్లిపోయింది. చెత్తబుట్ట అప్పటికే ఊడ్చేశారు. బిల్లు పుస్తకం తీసి చూస్తే నా చేతిరాతలో 'అమ్మాయి – 9 బొమ్మలు' అని ఉంది. పేరు అడగనే లేదు.

నాలుగేళ్లలో మన సముద్రపు చెమ్మకు ఆ జిగురు బూజు పట్టి, ముఖాల మీద గోధుమరంగు మచ్చలు తేలాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు షాపు పైరేకులు లేచిపోయాయి. ఎనిమిది పోయాయి.

అందుకే నిన్ను బతిమాలుతున్నాను. పని చేతికి రాగానే, గదిలో పెట్టకముందే, పేరు, ఊరు, తేదీ, దేనితో చేసిందీ ఒక పుస్తకంలో రాయి. ఫొటో తీసి ఒక ప్రతి మా ఇంట్లోనూ ఉంచు. ఎవరి కాగితాన్నీ కోయవద్దు, వెంట్రుకవాసి కూడా. బొమ్మను జిగురుతో అతికించనివ్వకు. గాజు బొమ్మకు తగలకుండా మధ్యలో మౌంట్, అంటే మందపాటి అట్ట చట్రం, ఉండాలి. ఇనుప మేకులు వద్దు, మన గాలికి తుప్పు పట్టి గోడనూ బొమ్మనూ పాడుచేస్తాయి. వాన గాలి కొట్టే తూర్పు గోడ ఖాళీగా వదిలెయ్. నేల మీద ఏదీ పెట్టకు. ఇవన్నీ చాదస్తం అనిపించినా చెయ్యి తల్లీ.

డబ్బు సంగతి ముందే కాగితం మీద రాసుకోండి. అమ్ముడైన వారంలోనే ఇచ్చెయ్. 'పేరు వస్తుంది కదా' అని ఎవరి పనీ ఉచితంగా అడగకు. అలా అడిగావని తెలిస్తే మీ నాన్న కంటే ముందు నేనే వచ్చి ఆ గది తాళం వేస్తాను. అద్దెకు తడుముకోవలసి వస్తే మాత్రం నాకు ఫోను చెయ్యి. పిన్నికి చెప్పే ఇస్తాను, మొహమాటపడకు.

తొమ్మిదో బొమ్మ మా అటక మీద ఉంది, చీర కొంగు బిగిస్తున్నామె. మూల మచ్చ పడింది కానీ ముఖం చెక్కుచెదరలేదు. జాలరిపేటకు వెళ్లి అడుగుదామని ఎన్నోసార్లు అనుకున్నాను, సిగ్గుతో వెళ్లలేదు. ఆ ముఖాన్ని గుర్తుపట్టే ముసలివాళ్లు ఇంకా ఉండి ఉంటారు. గీసిన అమ్మాయి ఎవరో వాళ్లకు తెలిసే ఉంటుంది. ఈ ఆదివారం పొద్దున్నే రా. బొమ్మను పాత దుప్పటిలో చుట్టి ఉంచుతాను. ఇద్దరం కలిసి వెళదాం.

మీ బాబాయి