గెట్టిస్‌బర్గ్‌కి పిల్లలతో, పెద్దవాళ్లతో ఒక్క రోజులో వెళ్లి రావచ్చా?

మీరు అడిగింది ఇది కదా: ఉండేది ఉత్తర వర్జీనియాలో, ఇండియా నుంచి అత్తయ్యగారు మామయ్యగారు వచ్చి ఉన్నారు, పిల్లలకి ఏడు, పదకొండు ఏళ్లు, గెట్టిస్‌బర్గ్‌లో లివింగ్ హిస్టరీ అని 1863లో అక్కడ జరిగిన యుద్ధం నాటి సైనికుల వేషాల్లో తుపాకులు, ఫిరంగులు పేల్చి చూపిస్తారట, పొద్దున వెళ్లి రాత్రికి రాగలమా, అసలు అమెరికా చరిత్ర తెలియని పెద్దవాళ్లకి అక్కడ చూడ్డానికి ఏముంటుంది అని. వెళ్లి రావచ్చు, తప్పకుండా వెళ్లండి. మేము లౌడన్ కౌంటీలో ఉంటాం, రూట్ 15 పట్టుకుని ఫ్రెడరిక్ మీదుగా పోతే గంటంపావు, ట్రాఫిక్ ఉంటే గంటన్నర. మా అమ్మానాన్న వచ్చినప్పుడు వాళ్లనీ పిల్లలనీ తీసుకుని వెళ్లాం, కాబట్టి మీలాంటి కుటుంబానికి అక్కడ ఏది పనికొస్తుందో చెప్పగలను. ఒక్క మాట మాత్రం ముందే చెప్తాను. తుపాకులు పేల్చడం చూసి, ఫోటోలు దిగి వచ్చేస్తే ఆ చోటులో సగం కూడా చూసినట్టు కాదు. పేల్చిన తూటా ఎక్కడ తగిలిందో, ఎవరికి తగిలిందో కూడా అదే రోజు చూడండి.

కారులో వెళ్లేటప్పుడే పెద్దవాళ్లకి కథ చెప్పేయండి, అక్కడికెళ్లాక చెప్పడానికి టైం ఉండదు. 1863 జులై 1, 2, 3 తేదీల్లో, అమెరికా అంతర్యుద్ధంలో భాగంగా, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఈ ఊరి దగ్గర జరిగిన యుద్ధం ఇది. బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల సైన్యం రాబర్ట్ లీ నాయకత్వంలో ఉత్తరాదిలోకి చొచ్చుకొచ్చింది, జార్జ్ మీడ్ నాయకత్వంలో ఉత్తరాది సైన్యం, అంటే యూనియన్ సైన్యం, దాన్ని ఇక్కడ అడ్డుకుంది. చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు, పట్టుబడినవాళ్లు, ఆచూకీ లేనివాళ్లు రెండు వైపులా కలిపి 51 వేల మంది దాకా ఉంటారు. అప్పటికి ఆ ఊళ్లో ఉన్న జనం 2,400 మంది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చెప్తే మా నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు.

నాన్నది గుంటూరు జిల్లా, పత్తి రైతు. ఆయనకి ఈ యుద్ధంతో సంబంధం పత్తి దగ్గర దొరికింది. దక్షిణాది రేవుల్ని ఉత్తరాది నౌకాదళం దిగ్బంధం చేసేసరికి ఇంగ్లండ్ మిల్లులకి అమెరికా పత్తి ఆగిపోయింది, వాళ్లు ఇండియా పత్తి మీద పడ్డారు, మన దగ్గర ధరలు ఒక్కసారిగా లేచాయి, కాకినాడ రేవుకి అప్పట్లో ఊపొచ్చింది ఆ గిరాకీ వల్లే. యుద్ధం అయిపోగానే ధర పడిపోయి, అది నమ్ముకున్నవాళ్లు ఇక్కట్లపాలయ్యారు. "ఎక్కడో కొట్టుకుంటే మన చేను దాకా వచ్చిందన్నమాట" అన్నారు నాన్న. ఆ మాట తర్వాత రోజంతా ఆయనే ముందు నడిచారు. మీ మామయ్యగారిది వ్యవసాయం కాకపోయినా ఈ పత్తి సంగతి చెప్పి చూడండి.

ఇక లివింగ్ హిస్టరీ సంగతి. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా చాలా వారాంతాల్లో వాలంటీర్ల బృందాలు వచ్చి, యుద్ధం జరిగిన నేల మీద ఇప్పుడున్న నేషనల్ పార్కులో టెంట్లు వేసుకుని ఉంటాయి, రోజులో కొన్ని వేళల్లో డ్రిల్, తుపాకి పేల్చడం, కొన్ని వారాల్లో ఫిరంగి పేల్చడం చూపిస్తారు. ఏ వారం ఏ బృందం, పదాతి దళమా ఫిరంగి దళమా అన్నది నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్ల క్యాలెండర్లో ఉంటుంది, అది చూసుకునే తేదీ పెట్టుకోండి. పార్కులో తిరగడానికి టికెట్ లేదు, డిమాన్‌స్ట్రేషన్లకీ లేదు. మ్యూజియానికీ, లోపలి సినిమాకీ, సైక్లోరమా బొమ్మకీ మాత్రం టికెట్ ఉంది.

దగ్గరగా నిలబడితే ఏం కనిపిస్తుందో చెప్తాను. ఆ తుపాకి దాదాపు నాలుగు కిలోలు, మా పాప భుజం కంటే ఎత్తు. మందూ సీసపు గుండూ కలిపి కాగితంలో చుట్టిన పొట్లం ఉంటుంది, దాన్ని పళ్లతో చింపాలి, మందు గొట్టంలో పోయాలి, గుండు పెట్టి చువ్వతో దిగగొట్టాలి, వెనక చిన్న రాగి టోపీ లాంటిది తొడగాలి, అప్పుడు పేల్చాలి. తర్ఫీదు ఉన్నవాడు నిమిషానికి మూడుసార్లు పేల్చగలడట. పైపళ్లూ కిందిపళ్లూ ఒకదానికెదురుగా ఒకటి లేకపోతే సైన్యంలోకి తీసుకునేవాళ్లు కాదని ఒక వాలంటీర్ చెప్తే మా బాబు వెంటనే ఊడిన తన పన్ను తడిమి చూసుకున్నాడు. నడుముకి వేలాడే తోలు పెట్టెలో 40 పొట్లాలు పడతాయి. డిమాన్‌స్ట్రేషన్లో మందు మాత్రమే వేస్తారు, గుండు ఉండదు, అయినా వరుసగా అందరూ ఒక్కసారి పేలిస్తే గుండెల్లో తగులుతుంది. చెవులు మూసుకోమని ముందే చెప్పండి, చిన్నవాడికి ఇయర్ మఫ్స్ ఉంటే తీసుకెళ్లండి. తెల్లటి పొగ లేచి, ఎదురుగా ఉన్నవాళ్లు కాసేపు కనిపించరు, "దీపావళి మర్నాడు వీధిలో వచ్చే వాసన" అంది అమ్మ.

ఫిరంగి ఉన్న వారం దొరికితే ఇంకా మంచిది. పేల్చాక గొట్టంలో మిగిలిన నిప్పురవ్వ ఆర్పడానికి ఒకరు తడి స్పాంజి కట్టిన కర్ర దూర్చి తుడుస్తుంటే, ఇంకొకరు తోలు తొడుగు వేసుకున్న బొటనవేలితో వెనక రంధ్రం నొక్కి పట్టుకుని ఉండాలి, గాలి లోపలికి పోతే రవ్వ రాజుకుని, తర్వాత మందు దట్టించేవాడి చేతులు పోతాయి. ఒకడి బొటనవేలి మీద ఇంకొకడి ప్రాణం ఆధారపడి ఉంటుందన్నమాట. మా పాపకి ఆ రోజు మొత్తంలో బాగా గుర్తుండిపోయింది ఇదే.

పేల్చడం అయిపోగానే జనం కార్ల దగ్గరికి వెళ్లిపోతారు. మీరు వెళ్లొద్దు. అసలు సంగతులు తెలిసేది టెంట్ల దగ్గరే. వాళ్లు ఉద్యోగాలు చేసుకుంటూ సొంత డబ్బుతో యూనిఫాం కుట్టించుకుని వచ్చేవాళ్లు, ఏది అడిగినా ఓపికగా చెప్తారు. జులై ఎండలో ఆ ఉన్ని కోటు వేసుకుని నిలబడ్డవాణ్ని చూసి అమ్మ నన్ను అడగమంది, ఇది వేసుకుని ఎలా నడిచారయ్యా అని. హార్డ్‌టాక్ అని పిండీ నీళ్లూ కలిపి కాల్చిన గట్టి బిస్కెట్టు చూపించారు, రోజుకి తొమ్మిదో పదో ఇచ్చేవాళ్లట, బల్ల మీద కొడితే చెక్కముక్క చప్పుడు వచ్చింది. కాఫీలో నానబెట్టుకుని తినేవాళ్లు, అందులోంచి పురుగులు తేలితే తీసేసి తాగేవాళ్లు. పెద్దవాళ్లకి ఇంగ్లీషు రాకపోతే మీరు పక్కన నిలబడి చెప్తూ ఉండండి, వంట, బట్ట, చెప్పులు, కూలి, ఉత్తరాలు ఇలాంటి ప్రశ్నలు మన పెద్దవాళ్లకి మనకంటే బాగా తడతాయి. సైనికుడి జీతం ఎంతని నాన్న అడిగారు, యూనియన్ సైన్యంలో అప్పుడు నెలకి 13 డాలర్లు.

మా బాబు అక్కడ ఒక ప్రశ్న వేశాడు. "ఇంతమంది పేల్చారు కదా, ఎవరూ పడిపోలేదేం?" అని. దానికి కారణం ఉంది. నేషనల్ పార్క్ స్థలంలో రెండు పక్షాలు ఎదురెదురుగా నిలబడి యుద్ధం నటించడానికి వీల్లేదు. నిజంగా మనుషులు చచ్చిపోయిన నేల మీద చావును ఆడి చూపించకూడదని ఆ నియమం. యుద్ధం మొత్తం నటించే పెద్ద ప్రదర్శనలు బయట ప్రైవేటు పొలాల్లో టికెట్ పెట్టి జరుగుతాయి. నాకు పార్కు పద్ధతే సరైనదనిపిస్తుంది, పిల్లలున్నవాళ్లకి మరీ. కానీ దాని వల్ల ఒక చిక్కుంది, పిల్లలకి పొగా చప్పుడూ మాత్రమే మిగులుతాయి. అందుకే మిగతాది మనం చూపించాలి అంటున్నాను.

దానికి స్పాంగ్లర్ ఫాం అని ఒక పొలం ఉంది, యూనియన్ సైన్యంలో 11వ కోర్ అనే పెద్ద విభాగం వాళ్ల ఫీల్డ్ హాస్పిటల్ అది. వేసవిలో తెరిచి ఉండే రోజులు చూసుకోండి, అక్కడా లివింగ్ హిస్టరీ ఉంటుంది, ఆనాటి వైద్యం గురించి. జార్జ్, ఎలిజబెత్ స్పాంగ్లర్, వాళ్ల నలుగురు పిల్లలు, వాళ్ల ఇంట్లోనే వాళ్లని ఒక్క గదిలో ఉండమన్నారు, మిగతా ఇల్లు, కొట్టం, దొడ్డి అంతా గాయపడ్డవాళ్లతో నిండిపోయింది, దాదాపు 1,900 మంది. డెమో చేసే ఆయన సీసపు గుండు చేతిలో పెట్టి చూపించాడు. మెత్తటి సీసం, ఎముకకి తగిలితే చదునై ఎముకని పెంకులు పెంకులుగా చేసేస్తుంది, అతికించడానికి ఏమీ మిగలదు, అందుకే అంతమందికి కాళ్లూ చేతులూ తీసేయాల్సి వచ్చింది. మత్తు లేకుండా కోసేవాళ్లని చాలామంది అనుకుంటారు, అది తప్పు, చాలా ఆపరేషన్లకి క్లోరోఫామ్ వాడారు. చేతులు కడుక్కోవాలని, పరికరాలు మరిగించాలని మాత్రం అప్పటికి వాళ్లకి తెలియదు. ఏడేళ్ల పిల్లవాడికి రంపం చూపించాలా అని మీకు అనుమానం రావచ్చు. మా వాడికీ ఆ వయసే. భయపడలేదు, అర్థం చేసుకున్నాడు. మీ వాడి సంగతి మీకు తెలుసు కాబట్టి మీరే చూసుకోండి.

ఇంకో చోటు, కార్లలో వెళ్లేవాళ్లు పట్టించుకోకుండా దాటిపోయేది. సిమెట్రీ రిడ్జ్ అనే మిట్ట మీద ఒక చిన్న తెల్ల ఇల్లు ఉంటుంది, ఏబ్రహాం బ్రయన్ అనే స్వేచ్ఛగా బతికిన నల్లజాతి రైతుది, 12 ఎకరాల పొలం. దక్షిణ సైన్యం వస్తోందనగానే కుటుంబం ఊరు విడిచింది, ఎందుకంటే ఆ సైన్యం పెన్సిల్వేనియాలో స్వేచ్ఛగా ఉన్న నల్లవాళ్లని కూడా పట్టుకుని బానిసలుగా దక్షిణాదికి తోలుకుపోయింది. తిరిగొచ్చేసరికి ఇల్లూ పంటా నాశనం, 1,028 డాలర్ల నష్టపరిహారం అడిగితే 15 డాలర్లు వచ్చాయి. యుద్ధం దేని గురించి జరిగిందో పిల్లలకి ఆ ఇంటి ముందు నిలబడి చెప్పండి. రాష్ట్రాల హక్కుల కోసం జరిగింది అని అక్కడక్కడా వినిపిస్తుంది. మిసిసిపి రాష్ట్రం 1861లో విడిపోతూ రాసుకున్న ప్రకటన చదవండి, బానిసత్వమే తమ కారణమని మొదట్లోనే రాసుకున్నారు. మా పాపకి అది ఫోన్‌లో తీసి చూపించాను.

అక్కడి నుంచి పికెట్స్ చార్జ్, అంటే చివరి రోజున దక్షిణ సైన్యం చేసిన పెద్ద దాడి, జరిగిన మైదానం కనిపిస్తుంది. ఓపిక ఉన్నవాళ్లు దాన్ని నడవాలి. వర్జీనియా స్మారకం దగ్గర, లీ విగ్రహం ఉన్నచోట దిగి, యూనియన్ వాళ్ల రాతి గోడ దాకా మైలుకి కాస్త తక్కువ. జులై 3న మధ్యాహ్నం దాదాపు 12 వేల మంది ఇదే నేల మీద వరుసలు కట్టి నడిచారు, ఎదురుగా ఫిరంగులు, దగ్గరికొచ్చాక తుపాకులు, గంటలోపే అందులో సగం మంది పోయారు లేదా గాయపడ్డారు లేదా పట్టుబడ్డారు. దూరం నుంచి చూస్తే బల్లపరుపుగా అనిపిస్తుంది, నడిస్తే పల్లాలు తగులుతాయి, కొన్నిచోట్ల ఎదుటి గోడ కనపడదు, మధ్యలో ఎమిట్స్‌బర్గ్ రోడ్డు దాటుతూ కంచె ఎక్కాల్సిన చోట మళ్లీ అంతా బట్టబయలు. ఆ కంచె దగ్గరే ఎంతమంది పడిపోయారో అప్పుడు తెలుస్తుంది, పుస్తకంలో చదివితే తెలియదు. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మని కారులో అవతలి వైపు దింపి, మేము నడిచి వచ్చాం. గడ్డిలో టిక్స్, అంటే పిడుదుల్లాంటి పురుగులు, ఉంటాయి, సాక్సులు ప్యాంటు మీదకి లాక్కోండి, ఇంటికొచ్చాక పిల్లల తల, మోకాళ్ల వెనక చూడండి, అవి కుడితే వచ్చే లైమ్ వ్యాధి ఈ ప్రాంతంలో మామూలే.

మ్యూజియంలో సైక్లోరమా చూడదగ్గది, 377 అడుగుల చుట్టుకొలత, 42 అడుగుల ఎత్తు ఉన్న గుండ్రటి బొమ్మ, మధ్యలో నిలబడితే యుద్ధం మన చుట్టూ ఉంటుంది, ఏసీ ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం ఎండవేళ పెద్దవాళ్లకి హాయి. డబ్బు పెట్టగలిగితే లైసెన్స్ ఉన్న గైడ్‌ని తీసుకోండి, మీ కారు ఆయనే నడుపుతూ రెండు గంటలు చూపిస్తారు, పరీక్షలు పాసైనవాళ్లే ఉంటారు, ముందే బుక్ చేసుకోవాలి. పెన్సిల్వేనియా స్మారకం మీదకి మెట్లెక్కితే మైదానమంతా కనిపిస్తుంది, మెట్లు ఇరుకు. డెవిల్స్ డెన్ బండలు పిల్లలకి బాగా నచ్చుతాయి.

తిండికి పులిహోర, పెరుగన్నం పట్టుకెళ్లండి, పిక్నిక్ బల్లలు ఉన్నాయి. నీళ్లు అనుకున్నదానికి రెట్టింపు. జులై మొదటి వారం జనం విపరీతంగా ఉంటారు, పెద్దవాళ్లతో అయితే మే నెలగానీ సెప్టెంబర్ తర్వాతగానీ సుఖం, ఆ నెలల్లో స్పాంగ్లర్ ఫాం తెరిచి ఉంటుందో లేదో మాత్రం కనుక్కోండి. పిల్లలకి విజిటర్ సెంటర్‌లో జూనియర్ రేంజర్ పుస్తకం అడిగి తీసుకోండి, అది నింపితే బ్యాడ్జి ఇస్తారు, మీకు వేరే టెన్షన్ ఉండదు.

టైం చాలకపోతే కారులో తిరిగి చూసే స్మారకాలు వదిలేయండి, 1,300కి పైగా ఉన్నాయి, ఎటూ అన్నీ చూడలేరు. డిమాన్‌స్ట్రేషన్, టెంట్లు, హాస్పిటల్, బ్రయన్ ఇల్లు, మైదానం, ఇవి మాత్రం వదలొద్దు. చీకటి పడక ముందు సైనికుల శ్మశానంలో పావుగంట ఉంచుకోండి, 3,500 మందికి పైగా యూనియన్ సైనికులు అక్కడే ఉన్నారు, చాలా రాళ్ల మీద పేరు ఉండదు, అంకె ఉంటుంది. 1863 నవంబర్ 19న అప్పటి అధ్యక్షుడు లింకన్ రెండు నిమిషాలు మాట్లాడింది ఆ శ్మశానం ప్రారంభోత్సవంలోనే. మీ పెద్ద పిల్లకి స్కూల్లో ఎలాగూ ఆ ప్రసంగం వస్తుంది, తాతయ్యకీ నాయనమ్మకీ తెలుగులో దాని అర్థం తననే చెప్పమనండి.