ఒంటెలు లేని బావి గట్టు

చిరంజీవికి,

ఫ్రెంచి చిత్రకారుడు పుస్సేన్ వేసిన ఎలీయెజెరు, రిబ్కాల పటం మీద నీ వ్యాసం చదివాను. వాక్యం నడపడం వచ్చు నీకు. కానీ "ఎలీయెజెరు వెనక పది ఒంటెలు మోకరిల్లాయి" అన్నావే, అక్కడ ఒళ్ళు మండింది. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న ఆ పటంలో (1648) ఒక్క ఒంటె కూడా లేదు! అవి ఉన్నది బైబిలు ఆదికాండం 24లో: అబ్రాహాము దాసుడు ఎలీయెజెరు యజమాని కొడుక్కి పిల్లను వెతుకుతూ బావి దగ్గరికొస్తాడు, రిబ్కా అతనికీ ఒంటెలకూ నీళ్ళు పోస్తుంది, అతను ఆమెకు నగలిస్తాడు. నువ్వు బొమ్మ చూడలేదు, కథ గుర్తుచేసుకున్నావు.

ఆ ఒంటెల మీద 1668లోనే పారిస్ రాజ చిత్రకళా అకాడమీలో తగవు నడిచింది. గ్రంథంలో ఉన్నవాటిని పుస్సేన్ ఎందుకు వదిలేశాడని చిత్రకారుడు ఫిలిప్ ద షాంపేన్ తప్పుపట్టాడు. అసలు విషయం నుంచి చూపును లాగేసే వికారాలు కనకే వదిలాడని మరో చిత్రకారుడు లె బ్రన్ వెనకేసుకొచ్చాడు. నా ఓటు లె బ్రన్‌కే. పటం చేయించుకున్న ప్వాంతెల్ కోరింది రకరకాల అందాల ఆడవాళ్ళని. మధ్యలో ఒంటె మెడ దూరితే ఆ ముఖాలను ఎవరు చూస్తారు?

బొమ్మ ముందు కూర్చుని ఎడమ అంచు నుంచి మనిషికో వరస రాసుకో: చేతులెక్కడ, కడవ ఎక్కడ, చూపు ఎటు. ఒకావిడ పక్కావిడ కడవలో నీళ్ళు పోస్తూ రిబ్కా వైపు తల తిప్పింది, కడవ నిండి పొర్లిపోతోంది. నగలు ఎవరికి దక్కాయో చెప్పడానికి ఆ పొర్లే నీళ్ళు చాలు. పత్రికలవాళ్ళు ఇలాంటివి కొట్టేసి "అనుభూతి" కావాలంటారు. వినకు.

నువ్వు రాసిన "బంగారు సంధ్య" కూడా అనుమానమే. పాత తైలవర్ణ చిత్రాల మీది వార్నిష్ ఏళ్ళు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది, దాని కింద నీలం ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఫోటో చూసి వేళ చెప్పకు.

మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో స్పానిష్ చిత్రకారుడు మ్యూరియో ఇదే కథకు వేసిన పటంలో దాసుడు ఇంకా కడవ నుంచి నీళ్ళు తాగుతున్నాడు. పుస్సేన్ పటంలో నగలు బయటికొచ్చాయి. ఈ రెంటి మధ్యే అసలు చాకిరీ అంతా అయిపోయింది. బాగా దప్పిగొన్న ఒంటె వంద లీటర్ల దాకా తాగగలదు. రిబ్కా బావిలోకి దిగి, కడవ నింపి, పైకెక్కి తొట్టిలో పోయాలి. కడవకు పది లీటర్లనుకున్నా పది ఒంటెలకు వంద సార్లు! నువ్వేమో "దయగల పిల్ల" అని తేల్చేశావు.

ఇంకొకటి. ఆదికాండం అదే అధ్యాయంలో 22వ వచనంలో నగలు తీశాకే, 23లో "నీవెవరి కుమార్తెవు" అని అడుగుతాడు. రిబ్కా వాళ్ళింట్లో చెప్పేటప్పుడు మాత్రం (47వ వచనం) ముందు అడిగి తర్వాత ముక్కు కమ్మి పెట్టానంటాడు. పెళ్ళిళ్ళ పేరయ్య తెలివి! పటంలో మాట వినబడదు, ఈ మెలిక చిత్రకారుడి చేతికి అందదు. నీకు అందుతుంది. రెండో ప్రతి అక్కణ్ణుంచి మొదలుపెట్టు.