నమూనా విమానం తోక మీదికి ఒరిగిపోతోంది, రంగు అసలు విమానంతో కలవడం లేదు: ఏం చేయాలి?

ముక్కు చక్రం ఉన్న విమానాలకే ఈ ఒరుగుడు సమస్య వస్తుంది. బరువు కేంద్రం వెనుక చక్రాల కంటే ముందుండాలి. రేణిగుంటలో దిగే ఏటీఆర్-72 వంటి అసలు విమానానికే నిలిపినప్పుడు తోక కింద ఊతం పెడతారు కాబట్టి, బొమ్మను తప్పుపట్టనక్కర్లేదు. అతికించకముందే భాగాలన్నిటినీ టేపుతో కూర్చి, వెనుక చక్రాలు వచ్చే చోట రెక్కల కింద పెన్సిల్ అడ్డంగా పెట్టి, ముక్కు కిందికి వాలేవరకు గాలానికి కట్టే సీసపు గుళ్లు ముక్కు లోపల వేయండి. తర్వాత చేరే రంగు, తోక దగ్గరి చిన్న భాగాల బరువుకు సరిపడా మరికొన్ని గుళ్లు వేయండి. వాటిని తెల్ల ఫెవికాల్‌తో మాత్రం అతికించకండి, అది సీసంతో చర్య జరిపి, కొన్నేళ్లకు ఉబ్బి ముక్కునే పగలగొట్టవచ్చు. ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు) మేలు.

ఇక రంగు విషయం. 1/72 నమూనాను (అసలు విమానంలో 72వ వంతు పొడవున్నదాన్ని) చేతిదూరంలో చూడటమంటే అసలు విమానాన్ని దాదాపు నలభై మీటర్ల నుంచి చూడటమే. అంత దూరాన రంగు కాస్త వెలిసినట్లు కనిపిస్తుంది కాబట్టి డబ్బాలోని రంగుకు కొద్దిగా తెలుపు లేదా లేత బూడిద కలపడం నా పద్ధతి. ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) వేసిన ప్లాస్టిక్ ముక్క మీద పూసి, పూర్తిగా ఆరాక, ట్యూబ్‌లైటు కింద కాకుండా పగటి నీడలో పోల్చండి.