ఆరు రోజుల్లో లంకంతా చుట్టేయాలా?

ప్రశ్న: సంక్రాంతి అయ్యాక నేను, మావారు శ్రీలంక వెళ్దామనుకుంటున్నాం, ఫారిన్ వెళ్లడం ఇదే మొదటిసారి. ఆయన ఈమధ్యే రిటైరయ్యారు, హాయిగా రెస్ట్ తీసుకోవాలని మా ఆశ. ఏజెంటేమో ఆరు రోజుల్లో సిగిరియా, క్యాండీ, నువర ఎలియా, బెంతోట, కొలంబో అన్నీ పెట్టేశాడు. మా తోడికోడలు మేలో వెళ్తే చవకంటోంది. మేం వెజిటేరియన్లం. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అది రెస్ట్ కాదండీ, రోజూ పొద్దున్నే బ్యాగు సర్దుకుని వ్యాను ఎక్కడం. మ్యాప్‌లో లంక చిన్నగానే కనిపిస్తుంది గానీ చాలా దూరం కొండ రోడ్లే, నువర ఎలియా నుంచి బెంతోట దిగడానికే ఐదారు గంటలు పోతాయి, సిగిరియా కొండకోట అయితే పన్నెండొందల దాకా మెట్లు, మోకాళ్లని అడిగి మరీ ఎక్కాలి. నా మాట వింటే ఎయిర్‌పోర్ట్ నుంచి తిన్నగా సముద్రపు ఒడ్డున ఉన్న బెంతోట వెళ్లిపోయి నాలుగు రాత్రులు అక్కడే ఉండిపోండి. విసుగొస్తే దగ్గర్లో బాలపిటియలో మాదు నది మీద బోటు ఎక్కొచ్చు, మడ అడవుల మధ్యలోంచి వెళ్తుంది, కాకినాడవాళ్లు కదా, మన కోరింగతో పోల్చి చూసుకుంటారు ఎలాగూ.

తర్వాత పక్కనే ఉన్న అలుత్‌గమ స్టేషన్‌లో రైలెక్కి గాలె వెళ్లండి, కుడివైపు కూర్చుంటే చాలాచోట్ల సముద్రం కిటికీ పక్కనే ఉంటుంది. గాలె కోట 1588లో పోర్చుగీసువాళ్లు మొదలుపెట్టారు, తర్వాత డచ్చివాళ్లు గట్టిగా కట్టారు, లోపల ఇప్పటికీ జనం కాపురాలుంటున్నారు. సాయంత్రం గోడ మీద నడవడమే అక్కడ పని. మీవారికి క్రికెట్ పిచ్చి ఉంటే స్టేడియం ఆ గోడ మీంచే కనిపిస్తుంది.

మే మాత్రం వద్దు. ఆ నెలలో నైరుతి వానలు మొదలై సెప్టెంబర్ దాకా ఆ తీరంలో సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, స్నానానికి దిగనివ్వరు కూడా చాలాచోట్ల. బెంతోటకి డిసెంబర్ నుంచి మార్చి బెస్ట్, అంటే మీరనుకున్న టైమే కరెక్ట్.

తిండికి ఇబ్బంది లేదు, ఇడియాప్పం, అప్పం, పప్పు, కొబ్బరి కూరలు ఎక్కడైనా దొరుకుతాయి. కానీ ఒక్కటి, పోల్ సంబోల్ అని కొబ్బరి పచ్చడి ఇస్తారే, చూడ్డానికి అచ్చం వెజ్జే, అందులో ఎండు చేప పొడి కలుపుతారు చాలామంది. ఆ చేప పొడిని ఉంబలకడ అంటారు, అది వేయొద్దని ముందే చెప్పండి.

పాస్‌పోర్టుకి ఇంకా ఆరు నెలలు గడువుండాలి, ఈటీఏ అనే ప్రయాణ అనుమతి బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో ప్రభుత్వ సైట్‌లోనే తీసుకోండి, అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు ఎక్కువ గుంజుతాయి. 2024 ఫిబ్రవరి నుంచి మన యూపీఐ అక్కడ కూడా పనిచేస్తోంది, అయినా చిన్న కొట్లకి, ఆటోలకి క్యాష్ ఉండాలి. ఇంకోటి, పౌర్ణమి రోజు అక్కడ సెలవు, మందు అమ్మరు. మీవారికి సాయంత్రం బీరు అలవాటుంటే టికెట్ బుక్ చేసేముందు పంచాంగం ఓసారి చూసుకోమనండి.