పాపా, తోతాపురికి ఎన్ని పేర్లుండాయో ముందు లెక్కేసుకో

పాపా,

నువ్వు పంపించిన ఫైలు రాత్రి తెరిచి చూసినాను. ప్రాజెక్టుకి మన మామిడి రైతుల సర్వే తీసుకున్నావు, బాగుండాది. రకం అనే కాలమ్ చూస్తేనే నవ్వొచ్చింది. ఒకరు తోతాపురి, ఒకరు తోతాపూరి, ఇంకొకరు బెంగళూరా, ఇంకో ఊళ్ళో కలెక్టరు, మరొకరేమో తోతాపురి అనే కొట్టి వెనకాల ఒక స్పేస్ వదిలేసినారు. మనకి అదంతా ఒకే కాయ, మనం లెక్కలు కట్టే ప్రోగ్రామింగ్ భాష ఆర్ లాంగ్వేజికి మాత్రం ఐదు రకాలు. నువ్వేమో ఎక్సెల్‌లో కూచోని ఒక్కోటి ఫైండ్ రీప్లేస్ కొడతా ఉండావంట, మీ అమ్మ చెప్పింది. ఆపెయ్ ఆ పని. రేపు మీ గైడు ఇంకో వంద ఫారాలు తెచ్చిపెడితే మళ్ళీ మొదట్నించి చేస్తావా, పైగా ఏది మార్చినావో ఏది వదిలేసినావో నీకే గుర్తుండదు.

ఒక ఫంక్షన్ రాసుకో, పది లైన్లు చాలు. కాలమ్‌ని లోపలికి తీసుకోని ముందు క్యారెక్టర్, అంటే టెక్స్ట్ చెయ్యాల, ట్రిమ్‌డబ్ల్యూఎస్‌తో ముందూ వెనకా స్పేసులు తియ్యాల. తెలుగులో టైపు చేసిన డేటాకి ఇది సరిపోదు, ఫోన్లో కొట్టినప్పుడు కంటికి కనపడని జీరో విడ్త్ అక్షరం ఒకటి ఇరుక్కోనుంటుంది, దాన్ని ట్రిమ్‌డబ్ల్యూఎస్ ముట్టుకోదు. రెండు మాటలు చూసేదానికి ఒకటే, ఎన్‌క్యార్ వేసి లెక్క పెడితే ఒకదాంట్లో ఒకటి ఎక్కువ. జీసబ్ పెట్టి దాన్ని తీసెయ్. ఆ తర్వాత విడిగా ఒక సీఎస్‌వీ, అంటే కామాలతో విడదీసిన పట్టిక ఫైలు, రెండే కాలమ్‌లు, ఎడమపక్క జనం రాసింది, కుడిపక్క నువ్వు ఖాయం చేసిన పేరు. బేనీషా అని ఉంటే బంగినపల్లి, బెంగళూరా అని ఉంటే తోతాపురి, అట్ల. ఫంక్షన్ ఆ పట్టికలో వెతికి మార్చాల, చివర్లో నువ్విచ్చిన లెవెల్స్‌తో ఫ్యాక్టర్ చేసి వెనక్కియ్యాల. ఫ్యాక్టర్ అంటే తరగతుల కాలమ్, లెవెల్స్ అంటే దాంట్లో రావాల్సిన పేర్ల లిస్టు.

దీంట్లో ప్రాణం యాడుందంటే, పట్టికలో లేని పేరు వస్తే ఏం చెయ్యాలనేదాంట్లో. సెట్‌డిఫ్‌తో కొత్త పేర్లు పట్టుకో, సమాధానం లేని గడులు, అంటే ఎన్‌ఏలు పక్కన పెట్టినాక ఒక్కటి మిగిలినా స్టాప్ పెట్టి ఆ పేర్లు స్క్రీన్ మీద అరిపించు. ఎందుకు ఇంత గట్టిగా చెప్తా ఉండానంటే నేను ఒకసారి బాగా దెబ్బతిన్నాను. అప్పట్లో ఒక ఆఫీసుకి ఇట్లాంటి లెక్కలే చేసిస్తా లెవెల్స్ లిస్టులో తోతాపురి రాసినాను, బెంగళూరా మర్చిపోయినాను. ఫ్యాక్టర్ ఫంక్షన్ ఒక్క మాట అన్లేదు, లిస్టులో లేనివన్నీ గమ్మున ఎన్‌ఏ చేసేసింది, టేబుల్ ఫంక్షనేమో మనం యూజ్‌ఎన్‌ఏ అని అడిగితే గానీ ఎన్‌ఏలు చూపించదు. మన జిల్లాలో తోతాపురి కన్నా నీలమే ఎక్కువని రిపోర్టు పోయింది. దామలచెరువు మండీలో ఎవుర్ని అడిగినా పొట్ట పట్టుకోని నవ్వుతారు. ఇంకోటి, ఖాళీగా వదిలిన గడి ఎన్‌ఏ కాదు, అది ఖాళీ మాట, చదివేటప్పుడే ఎన్‌ఏ‌స్ట్రింగ్స్‌లో చెప్పాల.

ఇంక వరస సంగతి. నువ్వు లెవెల్స్ చెప్పకపోతే ఆర్ అక్షరమాల పట్టుకుంటుంది. రైతుల భూమి తరగతులకి నువ్వేసిన గ్రాఫ్ చూడు, చిన్నకారు, పెద్ద, మధ్యతరహా, సన్నకారు అని వచ్చింది, చ, ప, మ, స, అంతే కథ. అరెకరా రైతు పోయి పెద్ద రైతు తర్వాత నిలబడినాడు. వరస నువ్వే రాసియ్. ఆర్డర్డ్ ట్రూ మాత్రం ఊరికే పెట్టొద్దు, మోడల్‌లో వేస్తే తరగతుల్ని సరళరేఖ, వంపు అని పోల్చే పోలినామియల్ కాంట్రాస్టులు వచ్చి లీనియర్, క్వాడ్రాటిక్ అని తోకలు కనపడి భయపడతావు.

ఆ తరగతులు చేసేదానికి కట్ వాడినావు గదా, అక్కడొక మెలిక ఉండాది. వ్యవసాయ గణనలో 1 హెక్టారు లోపుంటే సన్నకారు, 1 నుంచి 2 లోపు చిన్నకారు. కట్ మామూలుగా కుడి అంచుని కింద తరగతిలో కలిపేస్తుంది, సరిగ్గా 1 హెక్టారు ఉన్నోడు సన్నకారు అయిపోతాడు. రైట్ ఈక్వల్స్ ఫాల్స్ పెట్టు. మన వాళ్ళు ఎకరాల్లోనే చెప్తారు, ముందు 2.47తో భాగించు, రెండున్నరతో కాదు.

చెట్టు వయసు కాలమ్‌లో ఎవురో తెలీదు అని రాసినారు, దాంతో కాలమంతా టెక్స్ట్ అయింది, నువ్వు దాన్ని ఫ్యాక్టర్ చేసి యాజ్ న్యూమరిక్ కొట్టినావు. లెవెల్స్ 12, 20, 5 అని అక్షరాల వరసలో కూచున్నాయి, యాజ్ న్యూమరిక్ వయసు బదులు ఆ వరసలో స్థానం ఇచ్చింది, దాంతో ఐదేళ్ళ చెట్టు 3 అయింది, పన్నెండేళ్ళది 1 అయింది. ముందు క్యారెక్టర్ చెయ్, ఆ తర్వాతే నంబరు. పాత కోడ్ ఎక్కడన్నా కాపీ కొడితే ఇంకా జాగ్రత్త, 2020లో ఆర్ 4.0.0 వచ్చేదాకా రీడ్ సీఎస్‌వీ టెక్స్ట్‌ని దానంతటదే ఫ్యాక్టర్ చేసేది.

జిల్లా కాలమ్ మాత్రం ఈ ఫంక్షన్లో వెయ్యొద్దు. 2022 ఏప్రిల్ ముందు లిస్టుల్లో చంద్రగిరి చిత్తూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా, ఇది స్పెల్లింగ్ తప్పు కాదు. మండలం పెట్టుకో.

ఆ రెండు కాలమ్‌ల పట్టిక ముందు నాకు పంపించు. నీలం, మల్గోబా నేను చూస్తాను గానీ, ఖాదర్ అని నాలుగు చోట్ల ఉండాది, దాన్ని నువ్వు యాడ కలుపుతావో చెప్పకుండా కలపబాక, ఆదివారం మీ తాతని అడిగి చెప్తాను.

మీ పెదనాయన